చామంతి నిలబడిన చోటు

నాయుడుపేట బజారులో ఒక టిఫిన్ సెంటరు పైన సామ్రాజ్యం ఆఫీసు. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది ఇడ్లీ కోసం దారి తప్పినవాళ్ళే. అందుకని ఆ శుక్రవారం పొద్దున ఒక అమ్మాయి గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే అసిస్టెంటు జడ్సన్ తల కూడా ఎత్తకుండా "కిందమ్మా, కింద" అన్నాడు.

"ఇడ్లీ తినడానికొచ్చిన మొహం కాదది. కుర్చీ వెయ్యి," అంది సామ్రాజ్యం.

సామ్రాజ్యం యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిపోయిన కొట్లూ, వరదకి మునిగిన రొయ్యల గుంటలూ తనిఖీ చేసేది. పెట్టమన్నచోట సంతకం పెట్టనని పై అధికారితో గొడవపడి బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఒక ఇంట్లో ఏ పని ఎవరి చేతి మీద జరుగుతుందో తెలిస్తే ఆ ఇంటి రహస్యం సగం తెలిసినట్టే అని ఆమె సిద్ధాంతం. జడ్సన్ ఆదివారం చర్చిలో విన్న వాక్యాన్నైనా మరిచిపోతాడు గానీ మేడం చెప్పిన ఈ మాట మరిచిపోడు.

వచ్చినమ్మాయి పేరు ఇర్ఫానా. సూళ్లూరుపేట అవతల ఉప్పుటేటి గట్టున ఆమె తండ్రి బడేసాహెబు పడవలు బాగుచేస్తాడు. సరదాకి పడవలు కొనుక్కునేవాళ్ళకి ఇర్ఫానా అక్కడే జాగ్రత్తలు నేర్పిస్తుంది.

"పోయిన ఆదివారం రైసుమిల్లు పెంచలప్రసాద్ గారి పడవ మునిగింది. ఆయన మామ హజరత్తయ్య గారు చనిపోయినాడు. అది మీ దగ్గరేనా?" అని అడిగింది సామ్రాజ్యం.

ఇర్ఫానా తలూపి, చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. అందులో బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ బిరడా ఉంది. దానికి మరలున్నాయి.

"పడవ వెనక అడుగున ఒక కన్నం ఉంటది మేడం. గట్టుమీదికి లాగినాక లోపలి నీళ్ళు పోయేదానికి. నీళ్ళలో దించే ముందు దానికి ఈ బిరడా బిగించాల. మునిగిన పడవని పైకి లాగితే కన్నానికి బిరడా లేదు. నేనే తీసి పెట్టడం మరిచిపోయినానని అందరూ అంటా ఉండారు. నిన్న సాయంత్రం ఇది నా పనిముట్ల పెట్టెలో కనబడింది. రేపు ఎస్సై గారు వచ్చి సోదా చేస్తానన్నాడు. ఏట్లో విసిరేద్దామని గట్టుదాకా పోయినాను. చెయ్యి రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"నేనే చేసినానేమో," అంది ఇర్ఫానా. "శనివారం క్లాసులో దీన్ని తీసింది నేనే. మళ్ళా పెట్టినట్టే గుర్తు. కానీ ఇన్నాళ్ళుగా అందరూ నువ్వే నువ్వే అంటా ఉంటే, నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. నన్ను కాపాడమని రాలేదు మేడం. చేసినానో లేదో చెప్పండి. చేసుంటే నేనే పోయి ఒప్పుకుంటా. చెయ్యకుంటే మళ్ళా ఒకరికి నేర్పించే మొహం ఉంటది నాకు."

జడ్సన్ ఆమెకు మంచినీళ్ళు ఇచ్చాడు. ఇందాక "కిందమ్మా" అన్నందుకు అతనికి తల కొట్టేసినట్టయింది.

"శనివారం ఏం జరిగిందో చెప్పు," అంది సామ్రాజ్యం.

"ప్రసాద్ గారు తన కొత్త పడవ మీదే నేర్పించమన్నాడు. నేను బిరడా తీసి, మరలకి గ్రీజు రాసి, ఒక్కొక్కరి చేతా పెట్టించినాను. ఆయనకి రాలేదు. మర పక్కకి పట్టుకునేది. నెల్లూరు నించి వచ్చినోళ్ళు నవ్వినారు. మిల్లు తిప్పే చెయ్యి బిరడా తిప్పలేకపోయెనే అని ఎవరో అన్నారు. ఆయన మొహం కందగడ్డయింది. నేను గబగబా తీసుకొని బిగించేసినాను."

"తర్వాత?"

"అందరం అదే పడవలో ఏట్లో ఒక చుట్టు తిరిగొచ్చినాం. సాయంత్రం ఆయన ట్రైలరు మీద ఇంటికి తీసకపోయినాడు."

"ఆదివారం?"

"ఇంట్లో పూజ చేయించి బంధువులందరితో వచ్చినాడు. ఆయన తమ్ముడు అంతా ఫోన్లో వీడియో తీస్తా ఉండాడు. పడవ వెనకంతా పసుపు. బిరడా చేత్తో పట్టి చూడందే పడవ దించకూడదనేది నా పాఠంలో మొదటి మాట. 'సార్, బిరడా' అని చెయ్యి చాపినాను. 'పూజ చేసిన పసుపు తుడుస్తావా నువ్వు' అని అరిచినాడు." ఇర్ఫానా బల్ల మీది చేతిరుమాలు అంచు సరిచేసింది. "ఆ నువ్వు అనేదాంట్లో ఏముందో నాకు తెలుసు. అందరూ నా వైపే చూసినారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అట్టా వెనక్కి తీసుకోవడం మాత్రం తప్పా కాదా మీరు చెప్పక్కర్లేదు. అది నా తప్పే."

సామ్రాజ్యం బిరడా తీసుకొని వేళ్ళ మధ్య తిప్పింది. "గ్రీజు బాగా రాసినావా?"

"చేతికంటుకుంటే సబ్బుతో గానీ పోదు."

సామ్రాజ్యం టూత్‌పిక్ తీసి మరల సందులో గీరింది. గ్రీజు జాడ లేదు. సందుల అడుగున సన్నగా నీలం గీత మాత్రం ఉంది.

"మీ దగ్గర నీలం రంగు వాడతారా?"

"లేదు మేడం. మా పడవలన్నిటికీ ఎరుపూ తెలుపే."

సామ్రాజ్యం బిరడాని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి కవర్లో వేసింది.

*

మధ్యాహ్నానికి ముగ్గురూ ఉప్పుటేటి గట్టుకు చేరారు. మునిగిన పడవ ఇసుకలో పక్కకి ఒరిగి ఉంది. దాని అంచుల్లో ఇంకా పసుపు మరకలున్నాయి. జడ్సన్ అన్నీ ఫొటోలు తీశాడు గానీ నీళ్ళ అంచుకు మాత్రం పోలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

బడేసాహెబు వరండాలో పనిముట్ల పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. పెట్టెకు తాళం లేదు. వారం రోజులుగా ఎవరూ పడవ బాగుచేయించుకోవడానికి రాలేదు.

"పరిగెత్తినంత సేపూ పడవ ముక్కెత్తుకొని పోతది, నీళ్ళు అంతగా లోపలికి రావు," అని చెప్పాడాయన. "కొంగల్ని చూద్దామని లోతులో ఇంజిను ఆపినారు. అప్పటికి పసుపు కరిగింది. చూసుకునేలోపల వెనక భాగం కూర్చుండిపోయింది. ఆ పెద్దాయన వెనకాలే ఉండాడు. మిగిలినోళ్ళు పడవ అంచు పట్టుకొని వేలాడినారు. వలలోళ్ళు పోయి లాక్కొచ్చినారు."

"లైఫ్ జాకెట్లు లేవా?"

"కొత్తవి ఉన్నాయి. ఫొటో దిగేదాకా తొడుక్కున్నారు. పట్టుగుడ్డలు నలుగుతాయని విప్పేసినారు. పెద్దాయన దాన్ని అసలు కవర్లోంచి తియ్యనే లేదు, దాని మీద కూర్చున్నాడు."

"ఆ తర్వాత ఈ వరండాలోకి ఎవరెవరు వచ్చినారు?"

"ఆ రోజు ఊరంతా వచ్చింది. సోమవారం ప్రసాద్ గారి తమ్ముడు చెంచయ్య వచ్చి, నోటికొచ్చినట్టు తిట్టి, ఈ పెట్టెని కాలితో తన్నిపోయినాడు. పనిముట్లన్నీ కిందపడితే ఒక్కొక్కటే ఏరి, తుడిచి, మళ్ళా సర్దుకున్నాను. బుధవారం కామాక్షమ్మ వచ్చింది, ప్రసాద్ గారి భార్య. వాళ్ళ నాయన చెప్పులు ఈడనే విడిచినాడు కదా, వాటికోసం. ఈ బెంచీ మీద కూర్చొని ఏడస్తా ఉంటే నేను చూడలేక అవతలికి పోయినాను. ప్రసాద్ గారు మాత్రం మళ్ళా ఈ దిక్కుకి రాలేదు."

కారెక్కగానే జడ్సన్ ఆగలేకపోయాడు. "చెంచయ్యే మేడం. తన్నే వంకతో పెట్టెలో పడేసినాడు."

"కావచ్చు. ముందు ఆ ఇంటి పనులు చూద్దాం పా."

*

రైసుమిల్లు వెనకే పెంచలప్రసాద్ ఇల్లు. వాకిలి పక్క తీగ మీద తెల్ల ప్యాంట్లూ, తెల్ల చొక్కాలూ, పంచెలూ బారుగా ఆరుతున్నాయి. ఎండలో వాటి తెలుపు కాస్త నీలంగా మెరుస్తోంది. ప్రసాద్ కూడా తెల్లబట్టల్లోనే బయటికొచ్చాడు. నలభై అయిదేళ్ళ బలమైన మనిషి, వారంలో సగం చిక్కాడు. ఎదురుగా కూర్చున్నాడు గానీ కళ్ళు కలపలేదు.

"ఇర్ఫానా పంపిస్తే వచ్చినారంట," అన్నాడు.

"అవును సార్. క్లాసులో మీకు బాగానే వచ్చిందా?"

"దానిదేముంది, పిల్లాటలు. నేర్పించేదానికే జాగర్త లేకపోతే మనమేం చేస్తాం."

"బిరడా పెట్టడం?"

"చెప్పినా కదా, పిల్లాటలని." అతను లేచి మిల్లులో పనుందని వెళ్ళిపోయాడు.

చెంచయ్య తగువుకు సిద్ధంగా ఉన్నాడు. అన్న మాటంటే అతనికి వేదం. పెట్టె తన్నింది నిజమేనని ఒప్పుకున్నాడు. "తన్నినా. ఇంకోసారి తంతా. మా వదిన తండ్రిని చంపి గమ్మునుంటే ఊరుకోవాల్నా?"

"పూజ వీడియో తీసినావంట?"

చెంచయ్య ఫోను ఇచ్చాడు. తెల్లవారాక ఇదే వాకిట్లో ట్రైలరు మీద పడవ ఉంది. ప్రసాద్ పట్టుపంచె కట్టుకొని, పైన కండువా వేసుకొని నిలబడ్డాడు. అతని తల్లి వెంకటశేషమ్మ పడవ వెనక అడుగున పసుపు ముద్ద మెత్తి, కుంకం పెట్టి, కాడతో ఉన్న చామంతి పువ్వొకటి దాంట్లో గుచ్చింది. పువ్వు నిటారుగా నిలబడింది. ఆ తర్వాతి వీడియో గట్టు మీద తీసింది. ఇర్ఫానా చెయ్యి చాపింది. ప్రసాద్ కుడిచెయ్యి నడుము పక్కకి పోయి, పట్టుపంచె మీద ఒకసారి తడిమి, కిందికి జారింది. తర్వాత అతను అరిచాడు. అతని పక్కనే హజరత్తయ్య నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

సామ్రాజ్యం ఆ వీడియో మళ్ళీ పెట్టించుకొని చూసింది. జడ్సన్ కూడా చూశాడు. అతనికి హజరత్తయ్య నవ్వు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

వంటింటి గడప దగ్గర వెంకటశేషమ్మ చింతపండు తీస్తోంది. పక్కన గోడకి ఆనుకొని కోడలు కామాక్షి కూర్చుని ఉంది. సామ్రాజ్యం పలకరిస్తే మొహం పక్కకి తిప్పుకుంది.

"అంత గట్టిగా ఎట్టా నిలబడిందమ్మా ఆ పువ్వు?" అని అడిగింది సామ్రాజ్యం.

"ఏమో తల్లీ. గుచ్చితే దిగిపోయింది. మంచి శకునం అనుకున్నా." ముసలామె కళ్ళు తుడుచుకుంది. "నా కొడుక్కి ఎంత భక్తో. ఆ పొద్దు నేను ముగ్గెయ్యను వస్తే, అప్పటికే పడవ వెనకాల గొంతుకూర్చొని ఉండాడు. ఏందిరా అంటే గభాలున లేచి నిలబడినాడు. దండం పెట్టుకుంటా ఉండాడులే అని గమ్మునైపోయినా. చుట్టాలొచ్చేసినారు, తానం చేసి పట్టుపంచె కట్టుకోరా అని తరిమినా."

"అంతకుముందు ఏం తొడుక్కొని ఉండాడు?"

"ఎప్పుడూ ఆ తెల్ల ప్యాంటే కదా."

"తీగ మీద గుడ్డలు మిలమిలా మెరస్తా ఉండాయి. ఎవరు ఉతికేది?"

"మిషనుంది, పనిమనిషుంది. అయినా వాడి తెల్లగుడ్డలు కామాక్షే ఉతికి నీలిమందు పెట్టాల. వేరే చెయ్యి పడితే తొడుక్కోడు. మూడోనాడు మైల తీరాల కదా, కొయ్యకి తగిలించినవీ, మడత పెట్టినవీ అన్నీ తడపాల్సిందే. తండ్రి పోయిన దుఃఖంలో కూడా తనే కూర్చొని ఉతికింది పిచ్చిది. వద్దే అంటే, చేతికి ఏదో ఒక పనుండాలత్తా అనింది."

కామాక్షి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సామ్రాజ్యం చాలాసేపు తీగ వైపు చూసి, "రేపు మధ్యాహ్నం అందరూ గట్టు దగ్గరికి రావాల," అంది. "ఎస్సై గారు సాయంత్రం వస్తాడు. ఆయనకంటే ముందు మనం ఒక మాట అనుకుందాం."

తిరుగుదారిలో జడ్సన్ "మీకు తెలిసిపోయింది కదా మేడం," అన్నాడు ఆరాధనగా.

"తెలిసింది. తెలియకపోతే బాగుండు అనిపించే కేసులు కొన్ని ఉంటాయి."

*

శనివారం వరండాలో బెంచీలు వేశారు. పాఠం వినే వాళ్ళు కూర్చునే బెంచీలే అవి. ప్రసాద్, కామాక్షి, వెంకటశేషమ్మ, చెంచయ్య ఒక పక్క కూర్చున్నారు. రెండో పక్క బడేసాహెబు, ఇర్ఫానా. మధ్యలో పనిముట్ల పెట్టె.

సామ్రాజ్యం బిరడాని దాని మీద పెట్టింది.

"ఇది ఇర్ఫానా పెట్టెలో దొరికింది," అంది. చెంచయ్య లేవబోయాడు. "కూర్చో. దొరికిందని చెప్పింది ఇర్ఫానానే. ఏట్లో విసిరేస్తే ఎవరికీ తెలిసేది కాదు, అయినా తెచ్చింది. అది గుర్తుపెట్టుకొని వినండి."

చెంచయ్య కూర్చున్నాడు.

"పోయిన శనివారం ఇర్ఫానా బిరడా తీసింది, పెట్టింది. పెట్టడం మరిచిపోయిందంటారు మీరు. కానీ ఆ తర్వాత క్లాసంతా అదే పడవలో ఏట్లో తిరిగొచ్చినారు. కన్నం తెరిచుంటే అప్పుడే మునగాల. పోనీ ఆదివారం ఈ గట్టు మీద తీసిందంటారా? పూజ వీడియోలో పెద్దమ్మ చామంతి కాడ గుచ్చితే నిటారుగా నిలబడింది. వెనక గట్టి ఫైబర్ ఉంటే పలచటి పసుపు ముద్దలో అంత కాడ దిగదు. పువ్వు నిలబడింది కన్నంలో. అంటే పూజప్పటికే బిరడా లేదు. శనివారం సాయంత్రం నించి ఆదివారం పూజ దాకా పడవ మీ వాకిట్లో, మీ గేటు లోపల ఉంది. ఇర్ఫానా, నువ్వు చెయ్యలేదు."

ఇర్ఫానా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. బడేసాహెబు ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

"మరెవరు తీసింది?" అన్నాడు చెంచయ్య. అతని గొంతులో వేడి తగ్గింది.

"క్లాసులో ఒకాయనకి బిరడా పెట్టను రాలేదు. పదిమంది నవ్వినారు. మళ్ళా నేర్పించమని అడగను ఆయనకి మొహం చెల్లలేదు. తెల్లవారకముందే లేచి, ఎవరూ చూడకుండా పడవ వెనక గొంతుకూర్చొని, తీసి పెట్టి తీసి పెట్టి నేర్చుకుంటా ఉండాడు. అది తప్పు కాదు, మంచి పనే. ఇంతలో తల్లి వచ్చింది. నలభై దాటిన మిల్లు యజమాని పిల్లోడి మాదిరి పాఠం వల్లెవేస్తా దొరికిపోతే ఎట్టా? బిరడాని ప్యాంటు జేబులో వేసుకొని లేచినాడు. చుట్టాలొచ్చినారు. ప్యాంటు కొయ్యకి తగిలించి పట్టుపంచె కట్టుకున్నాడు. తల్లి ఆ కన్నం మీదే పసుపు మెత్తింది."

వెంకటశేషమ్మ "దండం పెట్టుకుంటా ఉండాడనుకున్నా," అంది తనలో తాను.

"అంటే మరిచిపోయినాడు. మరుపుకి ఎవరేం చేస్తారు?" అన్నాడు చెంచయ్య.

"మరుపైతే నేను ఈ బెంచీలు వేయించేదాన్ని కాదు. 'సార్, బిరడా' అని ఇర్ఫానా అడిగినప్పుడు నీ వీడియోలో మీ అన్న చెయ్యి యాడికి పోయిందో చూడు. నడుము పక్కకి, జేబు ఉండే చోటికి. పంచెకి జేబు లేదు. ఆ క్షణంలో ఆయనకి గుర్తొచ్చింది." సామ్రాజ్యం మొదటిసారి ప్రసాద్ వైపు తిరిగింది. "చుట్టాలంతా చూస్తా ఉండారు. బిరడా ఇంట్లో ప్యాంటు జేబులో ఉందని చెప్పాలంటే, ఎందుకుందో కూడా చెప్పాల. దాని బదులు పసుపుని అడ్డం పెట్టుకున్నారు. తుడిస్తే కన్నం కనపడతది, అందుకని ఆ పిల్ల చెయ్యి ముందుకు రాకుండా ఏ మాటంటే ఆగుతుందో ఆ మాటన్నారు. నిజమేనా సార్?"

ప్రసాద్ "చిన్న చుట్టే కదా, పసుపు ఆగుద్దిలే అనుకున్నా. ఆ తర్వాత ఆ ప్యాంటు ముట్టుకునే ధైర్యం కూడా చాల్లేదు," అన్నాడు.

ఏట్లో నీళ్ళు గట్టుని తడుతున్న చప్పుడు వినిపించింది. జడ్సన్ నేల చూపులు చూశాడు. దొంగని పట్టుకున్నప్పుడు ఉండే సంతోషం ఈ కేసులో అతనికి ఏ మూలా దొరకలేదు.

"మరి అది ఈ పెట్టెలోకి ఎట్టా వచ్చింది?" అని అడిగాడు బడేసాహెబు.

"సోమవారం పెట్టె తన్నినప్పుడు మీరు ఒక్కొక్కటే ఏరి తుడిచి పెట్టుకున్నారు. అప్పుడు ఇది లేదు. ఆ తర్వాత ఈ బెంచీ మీద కూర్చుంది ఒక్కరే." సామ్రాజ్యం గొంతు తగ్గించింది. "మరల్లో గ్రీజు పోయింది, సబ్బు వాసనుంది, సందుల్లో నీలిమందు మిగిలింది. తెల్లగుడ్డలతో పాటు ఉతికినారు దీన్ని. ఆయన గుడ్డలు ఉతికే చెయ్యి ఆ ఇంట్లో ఒకటే."

కామాక్షి దాచలేదు. అప్పటిదాకా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టు వెంటనే చెప్పింది.

"నీలిమందులో ముంచినాక ప్యాంటు జేబులో చేతికి గట్టిగా తగిలింది. అదేందో చూడగానే తెలిసింది. చెప్తే మా అమ్మా, మా అన్నలూ ఆయన మొహం జన్మలో చూడరు. నాకు నాయన పోయినాడు, మొగుడు కూడా పోవాల్నా అనుకున్నా. ఈ పిల్ల ఎవరో, దీనికి ఏమైతే నాకేం అనుకున్నా." ఆమె ఇర్ఫానా వైపు చూడలేక పడవ వైపు చూసింది. "నాయన ఆ రోజు అడిగినాడు, జాకెట్ తొడుక్కోమంటావా పాపా అని. పట్టుచొక్కా నలుగుద్ది నాన్నా, కవర్లోనే ఉండనీ అన్నాను. అన్న నోరు నాది. అందుకే ఆయన్ని అడగలేకపోయినాను."

"కామాక్షీ..." అన్నాడు ప్రసాద్.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు మరిచిపోయినావనుకున్నా. మరిచిపోయినోణ్ణి కాపాడుకున్నాననుకున్నా. నీకు గట్టు మీదే గుర్తొచ్చిందా?"

అతను తల దించుకున్నాడు.

"మా నాయన నీ పక్కనే నిలబడి నవ్వతా ఉండాడు. నీకు గుర్తొచ్చి కూడా ఎక్కమన్నావా?"

చెంచయ్య లేచి, తను తన్నిన పెట్టె దగ్గరికి వెళ్ళి, ఏం చెయ్యాలో తెలియక దాని మూత సరిచేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

కామాక్షి బిరడా తీసుకొని ప్రసాద్ చేతిలో పెట్టింది. "పెట్టు. ఏం పెట్టలేక మా నాయనని చంపుకున్నామో, అది ఇప్పుడు అందరి ముందరా పెట్టు."

ప్రసాద్ ఇసుకలో పడవ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్ల ప్యాంటుకి తడి ఇసుక అంటింది. బిరడా కన్నానికి ఆనించి తిప్పాడు. మర పక్కకి పట్టుకుంది. తీసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇర్ఫానా వెళ్ళి పక్కన కూర్చుంది.

"ముందు ఎడమకి తిప్పండి సార్," అంది. "మెల్లిగా. ఒక చోట టక్కుమని కూర్చుంటది. అప్పుడు కుడికి తిప్పండి."

అతను ఎడమకి తిప్పాడు. టక్కుమంది. కుడికి తిప్పాడు. బిరడా సాఫీగా లోపలికి పోయి బిగుసుకుంది.

"ఇంతేనా," అన్నాడు ప్రసాద్. పడవకి నుదురు ఆనించి ఏడ్చాడు.

"ఇంతే సార్. ఆ రోజే చెప్పాల్సింది. నవ్వతా ఉండారని తొందరపడి మీ చేతిలోంచి లాక్కొని నేనే బిగించేసినాను. నేర్పించేదాన్నయ్యుండీ నేర్పించలేదు," అంది ఇర్ఫానా. ఆమెకి కూడా ఏడుపొచ్చింది.

ఎస్సై జీపు గట్టెక్కుతున్న చప్పుడైంది. ప్రసాద్ చొక్కా చేతితో మొహం తుడుచుకొని లేచాడు. చెంచయ్య అడ్డం పోబోతే చేత్తో ఆపి, తనే జీపుకి ఎదురు నడిచాడు. కామాక్షి అతని వెంట వెళ్ళలేదు. కొంతసేపటికి లేచి ఇర్ఫానా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. ఇర్ఫానా ఆ చేతుల్ని పట్టుకొని కిందికి దించింది. తర్వాత తన వంతు తను చెప్పుకోవడానికి కామాక్షి కూడా జీపు వైపు నడిచింది.

తిరుగుదారిలో జడ్సన్ కారు నడిపాడు. నాయుడుపేట దగ్గర పడుతుండగా నోరు విప్పాడు.

"మేడం, నిన్న నేను నీళ్ళ దగ్గరికి రాంది ఎండకి కాదు. నాకు ఈత రాదు. నీళ్ళంటే భయం. చెప్పను సిగ్గేసింది."

సామ్రాజ్యం కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకూ రాదు," అంది. "ఇన్నేళ్ళు మునిగిన గుంటలన్నీ గట్టు మీద నించే తనిఖీ చేసినా, ఎవరికీ చెప్పలేదు. వచ్చే శనివారం ఇర్ఫానా క్లాసు ఉంటే ఇద్దరి పేర్లూ ఇయ్యి."

జడ్సన్ సరేనన్నాడు. టిఫిన్ సెంటరు ముందు కారు ఆపి, ఇద్దరూ మెట్లెక్కకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నారు.